న్యాయదేవతకు చీర, న్యాయవాదికి నల్లకోటు

2024వ సంవత్సరము అక్టోబరు మాసమున సుప్రీంకోర్టు న్యాయాధిపతుల గ్రంథాలయములో న్యాయదేవతకు క్రొత్త రూపము కల్పించిన వార్త దేశమంతటను ప్రాకినది. కన్నులకు గంతలు లేవు. చేత కత్తి లేదు. కత్తి యుండవలసిన చేత రాజ్యాంగ గ్రంథమున్నది. పరదేశపు అంగవస్త్రము పోయి మన స్త్రీలు కట్టు చీర వచ్చినది. చూచినవారు సంతోషించిరి, మేమును సంతోషించితిమి. కాని సంతోషము వెంటనే యొక ప్రశ్నయు పుట్టినది. బొమ్మకు చీర కట్టించుటకు వెనుదీయనివారు, బొమ్మ యెదుట నిలిచి వాదించు మనుష్యుని యొంటినుండి ఆంగ్లేయుని నల్లకోటు తీయించుటకేల వెనుదీయుచున్నారు? బొమ్మకు చెమట పట్టదు. మనుష్యునకు పట్టును.

ఆ సంవత్సరమే జులై 1వ తేదీనుండి 1860నాటి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. విచారణ స్మృతి మారినది, సాక్ష్యపు చట్టము మారినది. దాస్యపు జాడలను తుడిచివేయుచున్నామని పాలకులు చాటిరి. అంతకు రెండేండ్ల ముందు, 2022 సెప్టెంబరు 2వ తేదీన, కొచ్చిలో నౌకాదళపు జెండానుండి సెయింట్ జార్జి శిలువను తొలగించిరి. ఇవి యన్నియు జరుగుచుండగనే, వేసవి దినములలోనైన నల్లకోటును గౌనును విడుచుటకు న్యాయవాదులకు అనుజ్ఞ యిప్పింపవలెనని దాఖలైన అర్జీని సుప్రీంకోర్టువారు 2024 సెప్టెంబరులో విచారణకు స్వీకరింపలేదు. ఇది కోర్టు మర్యాదకు సంబంధించిన సంగతి యనిరి. బార్ కౌన్సిలువారిని ఆశ్రయింపుడనిరి. 2022లోను ఇదే జరిగినది. చట్టము పేరు మారినది. సెక్షన్ల అంకెలు మారినవి. మూడువందల రెండును నూట మూడుగా నాలుకకు అలవాటు చేసికొనుటకు మా వృత్తివారు పడిన తిప్పలు మాకు తెలియును. వాదించువాని వేషము మాత్రము మారలేదు.

ఇచ్చట నొక మాట స్పష్టము చేయవలసియున్నది. ఒక వృత్తివారందరును ఒకే తీరు దుస్తులు ధరించుట తప్పని మేమనుట లేదు. పల్లెనుండి బస్సు దిగి, కోర్టు ఆవరణములో దిక్కుతోచక తిరుగు కక్షిదారునకు ప్లీడరెవరో, దళారి యెవరో దూరమునుండియే తెలియవలెను. స్వాతంత్ర్యోద్యమ దినములలో సేవాదళమువారు ఖద్దరు తొడిగి, తెల్లటోపీ పెట్టి బారులు తీరి నడచినది ఏకవేషముననే కదా! ఆ టోపీని చూచి దొరతనమువారు మండిపడి లాఠీలు విసరిరన్నచో, ఆ వేషమునకొక అర్థముండుటచేతనే. కావున మా తగవు ఏకవేషముతో కాదు, ఈ వేషముతో.

ముందుగా చట్టమేమనుచున్నదో చూతము. 1961నాటి అడ్వకేట్ల చట్టములోని 49వ సెక్షను, న్యాయవాదులు కోర్టులలో ధరింపవలసిన దుస్తులను గూర్చి నియమములు చేయు నధికారమును బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఇచ్చుచున్నది. అయితే ఉట్టినే యిచ్చుట లేదు. శీతోష్ణ పరిస్థితులను గమనించి దుస్తులను నిర్ణయింపవలెనని ఆ సెక్షనులోనే యున్నది. శాసనములో నొక మాట ఊరక వేసినదని భావింపరాదనునది మేము నిత్యము జడ్జీల యెదుట వల్లించు సూత్రము. మరి ఈ మాట యేమైనది? ఈ యధికారము క్రింద వెలువడిన నియమములను చదువుడు: పురుషులకు నల్లని గుండీల కోటు, లేక చప్కను, అచ్కను, నల్ల షేర్వానీ, కాదన్నచో తెల్లచొక్కా, తెల్లకాలరు, దానిపై నల్లకోటు, మెడకు తెల్ల బ్యాండ్లు, పైన గౌను. గౌను సుప్రీంకోర్టు, హైకోర్టులలో తప్ప తక్కినచోట్ల ఐచ్ఛికము. పంచె కట్టుకొనవచ్చుననియు వ్రాసియున్నది. పంచె మీద నల్లకోటు తొడిగిన వకీళ్ళను మన తాతల ఫొటోలలోనే చూడవలెను. ఆ స్వేచ్ఛను వాడుకొనువాడు నేడు అరుదు.

శీతోష్ణమును గూర్చి ఆ నియమములు చేసిన ఆలోచన యంతయు ఒక్క వాక్యమున ముగిసినది: సుప్రీంకోర్టు, హైకోర్టులలో తప్ప, వేసవియందు నల్లకోటు తప్పనిసరి కాదు. వేసవి యనగా నే తేదీనుండి యే తేదీవరకు? నియమములో లేదు. శివరాత్రికి చలి శివశివా యని పోవునని మనవారందురు. ఆ మరునాటినుండి బెజవాడలోను, రామగుండములోను, రెంటచింతలలోను సూర్యుడు తన నియమములు తాను అమలు పరచును. కాని కోర్టులో వేసవి యెప్పుడు మొదలగునో సూర్యుడు చెప్పిన చాలదు, సర్క్యులరు రావలెను. నియమమే యిచ్చిన సౌకర్యమునకై ఏటేట బార్ అసోసియేషనులవారు వినతిపత్రములు చేతబట్టి తిరుగుట మేము చూచుచున్నాము. హక్కుగా నున్నదానిని భిక్షగా అడుగు అలవాటు పరపాలనమున నేర్చినది, అది పోలేదు.

సివిలు కోర్టులకు మే నెలలో సెలవులుండును గదా యని కొందరనవచ్చును. క్రిమినలు కోర్టులకు ఆ భాగ్యము లేదు. రిమాండు రిపోర్టు ఎండను చూచి ఆగదు. బెయిలు దరఖాస్తు వాన పడువరకు వేచియుండదు. మున్సిఫు కోర్టులు, మేజిస్ట్రేటు కోర్టులు ఉండు తాలూకా పట్టణముల సంగతి తెలియనివారు ఒక్కసారి ఏప్రిలు మాసపు మిట్టమధ్యాహ్నమున అచ్చటికి పోయి చూడవలెను. హాలులో పంకా తిరుగునది జడ్జీగారి తలపైన. ప్లీడర్లు కూర్చుండు బల్ల మీదికి ఆ గాలి రాదు. వరండాలో చెట్టునీడకై కక్షిదారులు తోసుకొనుచుందురు. కరెంటు పోయిన గదిలో నల్లని కృత్రిమనూలు కోటు తొడిగిన యువన్యాయవాది, ఎదురు సాక్షిని ప్రశ్నించుచు నుదురు తుడుచుకొనుచుండును. నలుపు ఎండవేడిని పీల్చుననునది ప్రాథమిక పాఠశాలలో చెప్పు పాఠము. ఇంగ్లాండు చలికై పుట్టిన కుట్టు, దాని మీద చెమటను పీల్చని మరబట్ట. రెండును కలిసి మన జిల్లా కోర్టులలో చేయు పనిని మర్యాద యని పిలుచుట కేవలము మాటల గారడీ.

ఇంతకును ఈ నలుపెక్కడిది? 1694లో ఇంగ్లాండు రాణి రెండవ మేరీ మరణించినప్పుడు అచ్చటి న్యాయవాదులు సంతాపసూచకముగా నల్లగౌనులు ధరించిరనియు, ఆ పిదప విడువలేదనియు చెప్పుదురు. అంతకు ముందు 1685లో పోయిన రెండవ ఛార్లెసు రాజు కొరకని మరికొందరందురు. ఎవరి కొరకైననేమి? మన యిండ్లలో సొంత తండ్రి పోయిన మైల పన్నెండు దినములలో తీరును. ఎన్నడును చూడని రాణికై, మన తెలుగు ప్లీడరు మూడువందల యేండ్లు దాటినను మైల విడువకున్నాడు. కొడుకునకు ఉపనయనము, కూతురునకు పెండ్లి వచ్చినప్పుడు ఇంటికి నల్లబట్ట రానీయని పెద్దలే, ఆ కొడుకు వకీలుగా ప్రమాణము చేయుదినమున నల్లకోటునకు పసుపు పెట్టి దేవుని ముందుంచి తొడుగుచున్నారు. ఇందులో వారి తప్పు లేదు. ఆ కోటు వెనుక అన్నమున్నది, పరువున్నది. ఆ పరువు కోటునుండి వచ్చినదా, కోటు తొడిగినవాని చదువునుండి వచ్చినదా యని విచారింపకుండుటయే తప్పు.

దుస్తుల విషయమున ఆంగ్లేయుడు అమాయకుడు కాడు. ఎవడు తలకేమి పెట్టవలెనో, ఎవడు కాళ్ళకేమి తొడుగవలెనో అతనికి బాగుగా తెలియును. యూరోపియను బూట్లు, మేజోళ్ళు తొడిగిన దేశీయుడు వాటితోనే దర్బారులోనికి రావచ్చుననియు, స్వదేశపు చెప్పులు తొడిగినవాడు వాటిని గడప బయటనే విడువవలెననియు కంపెనీ దినములలో, 1854లో, నియమమేర్పడినది. ఇంకొక విచిత్రము చూడుడు. మన నవాబులు, జమీందారులు ఠీవిగా ధరించిన తలపాగా, నడుమునకు ఎర్రపటకా, తెల్ల అంగరఖా ఎవరికి తొడిగిరి? బిళ్ళబంట్రోతునకు! మన ప్రభువుల వేషమును తలుపు తెరచు నౌకరునకు తొడిగి, తమ వేషమును మనలోని చదువరికి తొడిగిరి. మొదటిదానిచే మన గౌరవము దిగినది. రెండవదానిచే వారి గౌరవము పెరిగినది. రెండు పనులును ఒక్క దర్జీ చేతనే జరిగినవి. స్వరాజ్యము వచ్చి ఏడు దశాబ్దములు దాటినను హైకోర్టు నడవలలో జడ్జీగారికి ముందు దారి తీయుచు నడచు దఫేదారు తలపాగా, ఎర్రపటకా ధరించియే యున్నాడు. వెనుకనుండి వంగి దారి యిచ్చు మేము నల్లకోటు తొడిగియే యున్నాము. ఈ బొమ్మలకొలువును ఆంగ్లేయుడు పేర్చి పోయినాడు. మనము ఏటేట దుమ్ము దులుపుచున్నాము.

కోర్టు మర్యాద వస్త్రములో నున్నదనువారికి రెండు కోర్టుల సంగతి జ్ఞాపకము చేయుదుము. 1893లో గాంధీగారు డర్బను మేజిస్ట్రేటు కోర్టున తలపాగాతో కూర్చుండిరి. తలపాగా తీయుమని మేజిస్ట్రేటు చెప్పెను. గాంధీగారు తీయక, లేచి వెలుపలికి వచ్చిరి. మరుసటి సంవత్సరము నేటాలు సుప్రీంకోర్టులో ప్రమాణము చేసినప్పుడు ప్రధాన న్యాయమూర్తి ఆజ్ఞకు లోబడి అదే తలపాగాను తీసివేసిరి. పెద్ద పోరాటములకై చిన్నదానిని విడిచితినని తలచిరి. ఇది మొదటి సంగతి. ఇక రెండవది: 1921 సెప్టెంబరులో మధురలో కొల్లాయి కట్టిన ఆ మనుష్యుడే, 1922 మార్చి 18వ తేదీన అహమ్మదాబాదులో రాజద్రోహపు నేరమునకు బోనులో నిలిచెను. ఒంటి మీద కోటు లేదు, చొక్కా లేదు. సెషన్సు జడ్జి బ్రూంఫీల్డు దొర ఆ ముద్దాయికి తల వంచి మర్యాద చేసి, ఆరేండ్ల శిక్ష విధించెను. ఆ దినమున ఆ కోర్టులో మర్యాద యెవరి బట్టలలో నుండెను? అదే సంవత్సరము నవంబరులో ఇన్నర్ టెంపులువారు ఆయన పేరును బారిష్టర్ల పట్టికనుండి కొట్టివేసిరి; 1988లో మరల చేర్చుకొనిరి. పట్టికకు గౌరవము వచ్చినది.

మన ఆంధ్రదేశమున ప్రకాశం పంతులుగారు చెన్నపట్టణములో బారిష్టరుగా సంపాదించినంతగా సంపాదించినవారు కొందరే. 1921లో దానిని తృణప్రాయముగా విడిచి వచ్చిరి. కొండ వెంకటప్పయ్య పంతులుగారును వకీలు వృత్తిని విడిచి ఉద్యమమున దిగిరి. నల్లకోటు దిగినంత మాత్రమున వీరి మాటకు బరువు తగ్గలేదని, పెరిగినదని ఈ దేశమునకు తెలియును. జవహర్లాలుగారు 1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాదు హిందు ఫౌజు వీరుల తరఫున ఇంచుమించు పాతికేండ్ల తరువాత గౌను తొడిగిరి గదా యని యెదుటివారు మాకు చూపవచ్చును. తొడిగిరి, ఎవరి కొరకు తొడిగిరో చూడవలెను. పరాయి సర్కారు నేర్పరచిన కోర్టులోనికి పోవుటకు ఆ వేషము తప్పనిసరి యయ్యెను. నేడు కోర్టు మనది, చట్టము మనది, నియమము చేయు కౌన్సిలు మన వోట్లతో ఎన్నికైనది. తప్పనిసరి యను మాటకు మనకెక్కడ చోటున్నది?

ఇక ఆక్షేపణలు. నల్లకోటు ధనికుని, దరిద్రుని సమానము చేయునందురు. ఇది వినుటకు సొంపుగా నుండును. మంచి ఉన్ని బట్టతో కొలతలిచ్చి కుట్టించుకొన్న సీనియరు కోటును, ప్రమాణము నాడు కొని మూడేండ్లకు మోచేతులయొద్ద నిగనిగలాడు జూనియరు కోటును పక్కపక్కన నిలిపి చూడుడు. పైగా చట్టములోని 16వ సెక్షను ప్రకారము సీనియరు అడ్వకేట్లని యొక తరగతి యున్నది. వారి గౌను తీరు వేరు. బారిష్టర్లు, వకీళ్ళు, ప్లీడర్లు, ముక్త్యారులు అను వెనుకటి మెట్లను 1961నాటి చట్టము పడగొట్టినదని మనము గర్వించుదుము. మెట్టు పోయినను గౌను చేతులలో దాని ఆనవాలు మిగిలినది. జూనియర్లకు పట్టణములలో నెలకు 20,000 రూపాయలు, గ్రామప్రాంతములలో 15,000 రూపాయలు ఇచ్చిన బాగుండునని బార్ కౌన్సిలువారు 2024 అక్టోబరులో సిఫారసు చేసిరి. అది సిఫారసు, కోటు శాసనము. అన్నము పెట్టుట ఐచ్ఛికము, కోటు తొడుగుట విధి! సమానత్వమును గూర్చి మాటాడువారు ఈ వరుసను మొదట తిరుగవేయవలెను.

కోటు లేనిచో న్యాయవాదిని ఎవరును లెక్కచేయరని మరికొందరి భయము. ఇదియే అసలైన ఆక్షేపణ. దీనిని బిగ్గరగా చెప్పువారు తక్కువ, లోలోన నమ్మువారెక్కువ. కోర్టులలోను, కొన్ని వేడుకలలోను తప్ప బహిరంగ స్థలములలో బ్యాండ్లు, గౌను ధరింపరాదని బార్ కౌన్సిలు నియమమున్నది. ఆ నియమము నీడలోనే మన సోదరులు కొందరు కోటు తొడిగి పోలీసుస్టేషనునకు పోవుట, కోటును కారు అద్దము వద్ద వ్రేలాడదీసి టోల్ గేటు దాటుట లోకమెరుగును. టోల్ గేటు వద్ద పనికివచ్చు మర్యాద యెట్టి మర్యాదయో వేరుగ చెప్పనక్కర లేదు. ఎరువు సొమ్ము బరువు చేటని సామెత. పరాయివాని కోటునుండి అరువు తెచ్చుకొన్న గౌరవము మోయువానికే బరువు. దానిని చూచి బెదరువాడు మన కక్షిదారుడే, మన సాటి తెలుగువాడే.

కోటు లేక కోర్టు నడవదనువారి నోరు 2020వ సంవత్సరము మూయించినది. కరోనా వ్యాపించిన ఆ వేసవిలో, మే 13వ తేదీన, కోట్లు, గౌనులు అంటువ్యాధికి తావిచ్చునని సుప్రీంకోర్టువారే సర్క్యులరు వెలువరించిరి: తెల్లచొక్కా, లేక తెల్ల సల్వారు కమీజు, లేక తెల్లచీర, మెడకు తెల్ల బ్యాండు చాలుననిరి. బార్ కౌన్సిలువారును ఆ మాటయే అనిరి. జడ్జీలును కోట్లు, గౌనులు లేకయే కూర్చుండిరి. స్వేచ్ఛను గూర్చిన అర్జీలు, వలస కూలీల గోడు, బెయిళ్ళు, స్టేలు అన్నియు ఆ తెల్లబట్టలలోనే విచారణకు వచ్చినవి. ఏ తీర్పుననైన కోటు లేని కారణమున బలము తగ్గినదా? ఏ న్యాయవాదియైన మర్యాద తప్పెనా? పురుగునకు భయపడి విప్పినదానిని, ఆత్మగౌరవమునకై విప్పలేమా?

ఆ వేషమునకు పుట్టినిల్లైన ఇంగ్లాండు సంగతియు వినుడు. 2008 అక్టోబరు 1వ తేదీనుండి అచ్చటి సివిలు, కుటుంబ కోర్టుల జడ్జీలు తెల్లవెంట్రుకల టోపీలను తీసివేసి, క్రొత్తగా రూపొందించిన సాదా గౌనులు ధరించుచున్నారు. 2009లో ఏర్పడిన వారి సుప్రీంకోర్టు 2011 నవంబరులో, ఇరుపక్షముల న్యాయవాదులు సమ్మతించినచో కోర్టు దుస్తులు లేకయే వాదింపవచ్చునని అనుజ్ఞ యిచ్చినది. క్రిమినలు కోర్టులలో వారింకను పాతవేషమునే విడువలేదు. అది వారి చలి, వారి చరిత్ర, వారి యిష్టము. యజమాని సడలించుకొన్న ముడిని సేవకుడు బిగించుకొని కూర్చుండుట మాత్రము మన దేశముననే చెల్లినది. మాటలలోను ఇంతే. మై లార్డ్ అని పిలువనక్కర లేదని, హైకోర్టులలో యువరానర్ యనియు, క్రింది కోర్టులలో సర్ అనియు, లేక స్వభాషలో సరియైన మాటయు చాలునని 2006లోనే నియమము చేసికొంటిమి. నేటికిని నాలుక తిరుగుట లేదు.

స్త్రీ న్యాయవాదుల యిక్కట్టు వేరుగ చెప్పవలెను. 1923నాటి చట్టము స్త్రీలకు ఈ వృత్తి తలుపు తెరచినది. తెరచినవారు లోపలి వేషమును పురుషుని కొలతలనుండియే తీసిరి. తెల్లని నూలుచీర కట్టి, మెడకు బ్యాండు ధరించి వచ్చిన స్త్రీకంటె గంభీరమైన వేషమేది? అయినను దానిమీద నల్లని నిండుచేతుల జాకెట్టు ఉండి తీరవలెను. నిండు గర్భిణులైన సోదరీమణులు ఏప్రిలు ఎండలో రెండు పొరల క్రింద నిలిచి వాయిదా యడుగుట చూచిన వారెవరును దీనిని మర్యాద యనజాలరు.

అట్లైన నేమి ధరింపవలెను? మా ఆలోచన పెద్దది కాదు. బ్యాండ్లు ఉండనిండు; వాటిని చూచి కక్షిదారుడు గుర్తించును. కోటును, గౌనును తీసివేసి, తెల్లని లేక గంజివన్నె నూలుతో, మెడవరకు గుండీలున్న పొడుగుచేతుల అంగీ నొకదానిని నిర్ణయింపుడు. పురుషునకు పంచెయో పైజామాయో పంట్లామో అతని యిష్టము; స్త్రీకి చీరయో సల్వారో ఆమె యిష్టము. శీతకాలమున చలి యెక్కువగా నుండు రాష్ట్రములవారు పైన ఉన్నికోటు వేసికొనవచ్చును. శీతోష్ణములను గమనింపుమన్న చట్టమునకు అర్థమిదియే. ఆ నూలు మాత్రము చేనేత కావలెను. మన పొందూరులో సన్నఖద్దరు వడకు చేతులింకను ఉన్నవి. మంగళగిరి మగ్గము ఇంకను ఆడుచున్నది. పోచంపల్లి, గద్వాల నేతగాండ్రకు సాదాబట్ట నేయుట చిన్న పని. ఈ దేశమున న్యాయవాదులు పది లక్షలకు మించియున్నారు. ఒక్కొక్కరు ఏటికి రెండు జతలు కొన్నచో, ఎన్ని మగ్గములకు ఏడాది పొడవునను పని దొరకునో పాఠకులే లెక్క కట్టుకొనవచ్చును. నేడు ఆ డబ్బు యెచ్చటికి పోవుచున్నది? కృత్రిమనూలు మిల్లులకు. 2021 డిసెంబరు 30వ తేదీన జెండా నియమములను సవరించి, త్రివర్ణ పతాకమునే పాలియెస్టరుతో యంత్రములపై చేయుటకు అనుమతించిన ప్రభుత్వము మనది. ఖద్దరు జెండా కుట్టుకొని బ్రతుకు వారి పొట్టకొట్టి దాస్యచిహ్నములను తుడిచితిమనుట యెట్లో మాకు బోధపడుట లేదు. చేనేత అంగీ న్యాయవాది యొంటికి వచ్చినచో ఆ నష్టములో కొంతయైన పూడును.

తెల్లబట్ట మాయుననువారికి ఒక్క మాట. మాసినచో ఉతుకవచ్చును. నల్లకోటు మాయుట కనబడదు గనుక నెలల తరబడి ఉతుకరు. బార్ రూములోని కొయ్యకు తగిలించిన కోట్ల వాసన యెరిగినవారితో ఈ వాదమును మేము పొడిగింపము.

ఈ నల్లకోటు కోర్టులో ఆగిపోయినచో మేమింతగా వ్రాసియుండము. అది బడిలోనికి దిగినది. మన పట్టణములలో కాన్వెంటని పేరుపెట్టుకొన్న బడి యేదైన చూడుడు: ఐదేండ్ల పసివాని మెడకు సాగుగుడ్డ టై, కాళ్ళకు బిగుతు మేజోళ్ళు, నల్లబూట్లు. ఎండాకాలపు ఒంటిపూట బడికిని అదే వేషము. టై లేదని వానిని గేటు వద్ద నిలిపి, తల్లిని పిలిపించు పెద్దలున్నారు. పక్కనే సర్కారు బడిలో ఏటికి 600 రూపాయల లెక్కన రెండు జతల బట్టలు కుట్టించు పథకము క్రింద సాదా చొక్కా, నిక్కరు తొడిగిన బిడ్డ హాయిగా గాలి పీల్చుచున్నాడు. అయినను ఆ బిడ్డ తండ్రి ఎదుటి బడి టైనే చూచి నిట్టూర్చుచున్నాడు. ఆ తండ్రికి టై గొప్పదని నేర్పినదెవరు? ఊరిలో గొప్పవాడనిపించుకొన్న ప్లీడరు మెడను చూచి అతడు నేర్చుకొన్నాడు.

న్యాయాధిపతులను నిందించుట మా యుద్దేశము కాదు. అర్జీని త్రిప్పి పంపుచు వారు చూపిన దారి సరియైనదే; నియమము చేయు నధికారము బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకే యున్నది. హైకోర్టులకు 34వ సెక్షను క్రింద తమ కోర్టులలో వాదించు షరతులను నిర్ణయించు హక్కు గలదు. కావున బాధ్యత మా వృత్తివారి మీదనే పడుచున్నది. వోట్లకై మా గుమ్మములు త్రొక్కు కౌన్సిలు అభ్యర్థులను మేమీ ఒక్క ప్రశ్న యడుగుట లేదు; కులమడుగుచున్నాము, విందు సంగతి యడుగుచున్నాము. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిళ్ళు రెండును తీర్మానము చేసి ఢిల్లీకి పంపవలెను. అందులో వేసవి యనగా మార్చి 1 మొదలు జూన్ 30 వరకని తేదీలు వ్రాయవలెను. హైకోర్టులకున్న మినహాయింపు తొలగింపుమని కోరవలెను. కోటునకు మారుగా చేనేత అంగీ నమూనాను కుట్టించి జతపరుపవలెను. అంతవరకు తాలూకా బార్లవారు నేటి నియమమే యిచ్చిన వేసవి స్వేచ్ఛను ఏ సర్క్యులరునకును వేచియుండక వాడుకొనవలెను. ఏ మేజిస్ట్రేటైన ఆక్షేపించినచో ఆ నియమమును చదివి వినిపించి, ఆక్షేపణను రికార్డు చేయుమని కోరవలెను.